మా వైపు ఎవరికీ లేదు

నాపగిరిలో పొద్దున్నే పాలవాడి కంటే ముందు గాలివాడు వచ్చేవాడు. ఇంటి మీద కప్పిన గాలిపందిరికి నాలుగు మూలలా ఉండే వడపోత గుడ్డలు విప్పి, బండల పొడితో బూడిద రంగుకు తిరిగినవాటిని సంచిలో వేసుకొని, ఉతికినవి తగిలించి పోయేవాడు. పాలవాడు రాకపోతే టీ మానుకోవచ్చు. గాలివాడు రాకపోతే ఇంటిల్లిపాదీ తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకొని కూర్చోవలసిందే. 2086 నాటికి పెన్న ఒడ్డున చాలా ఊళ్ళు ఇలాగే ఉండేవి. తరాల తరబడి నాపరాయి కోసి, అరగదీసి, మెరుగుపెట్టి ఊరూరికీ గచ్చులు పరిపించిన ఊళ్ళవి. రాళ్ళు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయాయి. పొడి మాత్రం ఇక్కడే ఉండిపోయింది.

ఆ పొడి అందరి ముక్కుల్లోకీ ఒకేలా వెళ్ళేది. ఉబ్బసం మాత్రం అందరికీ వచ్చేది కాదు. కొన్ని కుటుంబాల్లోనే వచ్చేది, ఆ కుటుంబాల్లోనూ కొందరికే వచ్చేది. ఎందుకన్న ప్రశ్నతోనే డాక్టర్ పినాకిని పద్నాలుగేళ్ళు గడిపింది.

జన్యువుల అక్షరాలు చదవడం అప్పటికి పెద్ద విద్య కాదు, ఒక చుక్క ఉమ్మి చాలు. అయితే చదవడం వేరు, అర్థం కావడం వేరు. ప్రతి మనిషిలోనూ ఒక్కో జన్యువుకు రెండు ప్రతులు ఉంటాయి. ఒకటి తల్లి ఇచ్చింది, రెండోది తండ్రి ఇచ్చింది. రెండింటిలోనూ బోలెడన్ని చిన్న చిన్న తేడాలు. వాటిలో ఊపిరి బిగించే తేడా ఏదో అక్షరాలు చూసి చెప్పడం ఎవరి తరమూ కాలేదు. ఆ వంశంలో ఎవరికి ఆయాసం ఉండేదో, ఎవరికి లేదో తెలిస్తే మాత్రం దారి దొరికేది. ఉన్నవాళ్ళందరిలోనూ ఉండి, లేనివాళ్ళలో అరుదుగా తప్ప కనిపించని తేడాయే దొంగ; అది ఒక్కోసారి ఒక తరం దాటి బయటపడేది.

దొంగ దొరికితే మందు ఉంది. దాన్ని అందరూ కత్తెరమందు అనేవారు. పొగలా పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి దిగి చెడ్డ ప్రతిని కత్తిరించేస్తుంది, మంచి ప్రతి తన పని తాను చేసుకుపోతుంది. రెండు ప్రతులూ చెడ్డవైతే కుట్టుమందు అని ఇంకొకటి ఉంది గాని, అది వెయ్యి మందిలో ఒకరికి కూడా అవసరపడేది కాదు. భయమంతా కత్తెర దగ్గరే. పొరపాటున మంచి ప్రతిని కత్తిరిస్తే చెడ్డది ఒక్కటే మిగిలిపోతుంది. అలా జరిగిన పిల్లలను ముగ్గురిని పినాకిని తన చేతులతో పట్టుకుంది. ముగ్గురిలో ఒక్కరూ వారం దాటలేదు.

కాబట్టి కావలసిందల్లా ఒక్క నిజం. చిక్కు వచ్చింది సరిగ్గా అక్కడే. "మీ ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉండేదా?" అని అడిగితే నూటికి తొంభై మంది ఒకటే మాట అనేవారు. "మా వైపు ఎవరికీ లేదు." తండ్రి వైపువాళ్ళు తల్లి వైపు చూసేవారు, తల్లి వైపువాళ్ళు తండ్రి వైపు చూసేవారు. మంచం పట్టుకొని దగ్గి దగ్గి పోయిన తాతలందరూ వీళ్ళ మాటల్లో గుండెపోటుతో పోయినవాళ్ళే. రెండు వైపులా ఎవరికీ లేని జబ్బు మధ్యలో ఉన్న పిల్లకు మాత్రం ఆకాశం నుంచి ఊడిపడేది. ఈ మాట దాచమని వాళ్ళకు చట్టం చెప్పలేదు, చెబితే శిక్షా లేదు. నలుగురికీ తెలుస్తుందన్న జంకు ఒక్కటే.

వినీ వినీ విసిగిపోయి పినాకిని బతికున్నవాళ్ళను అడగడం మానేసింది. చచ్చిపోయినవాళ్ళను అడిగే యంత్రం తయారు చేసింది. దాని పేరు ఊపిరిజల్లెడ.

పాత ఫోన్లలో మిగిలిన వాయిస్ మెసేజ్‌లు, పెళ్ళి వీడియోలు, పుట్టినరోజు పాటలు, ఏవి తెచ్చి పోసినా జల్లెడ వాటిలోంచి మాటలను జల్లించి పక్కకు తోసేది. మాటకూ మాటకూ మధ్య ఉన్న ఊపిరి మాత్రం మిగిలేది. ఆ ఊపిరిలో ఈల ఉందా, చివర బిగువు ఉందా అని వినేది. మనిషి ఎంత నవ్వుతూ మాట్లాడినా నాలుగు నిమిషాల గొంతు దొరికితే దాని చెవిని తప్పించుకోవడం కుదిరేది కాదు.

ఆ గదిలో కూర్చోవడానికి పనివాళ్ళు ఒప్పుకునేవారు కారు. ఎవరూ లేని గదిలో, మాటలన్నీ తీసేశాక, ఎప్పుడో పోయిన ముసలావిడ ఊపిరి ఒక్కటే లోపలికీ బయటికీ ఆడుతుంటే ఎవరికైనా ఒళ్ళు జలదరిస్తుంది. వాళ్ళు దాన్ని దయ్యాల గది అంటే మొదట్లో పినాకిని నవ్వేది. ఈ వేసవిలో ఆమెకూ ఆ గదంటే భయం పట్టుకుంది. ఎందుకంటే ఈసారి పరీక్షకు వచ్చింది ఆమె కూతురు చిత్ర.

చిత్రకు ఏడేళ్ళు. ఒక్క నెలలో రెండుసార్లు ఉబ్బసం కమ్మింది. రెండోసారి పిల్ల పెదవులు నేరేడు పండు తిన్నట్టు నల్లబడ్డాయి. ఆ రంగు కళ్ళ ముందు నుంచి పోక పినాకినికి అన్నం దిగడం మానేసింది. పది రోజుల్లో వడగాలులు మొదలవుతాయి. గాలిపందిరి ఎంత మంచిదైనా వడగాలికి పొడి లోపలికి రాక మానదు. శుక్రవారం కత్తెరమందు ఇవ్వాలని నిర్ణయం జరిగిపోయింది.

సోమవారం పొద్దున జల్లెడ తన తీర్పు చెప్పింది.

"తల్లి వైపు తొమ్మిది గొంతులు విన్నాను, ఎవరికీ ఈల లేదు. తండ్రి వైపు పదకొండు గొంతులు విన్నాను, ఎవరికీ ఈల లేదు. ఏ ప్రతి చెడ్డదో తేల్చలేను. ఇంకా గొంతులు కావాలి."

"లేకపోతే?"

"వైద్యుల నిర్ణయానికి వదిలేస్తాను. మీటలో తల్లి ప్రతి, తండ్రి ప్రతి అని రెండు గుర్తులున్నాయి. ఏదో ఒకదాని మీద పెట్టండి."

ఎందుకు తేలలేదో పినాకినికి తెలుసు. తన చిన్నప్పటి గొంతు ఒక్కటి కూడా ఆమె జల్లెడకు ఇవ్వలేదు. అయిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా ఆమె ఊపిరి ఈల వేసేది. ఎవరైనా వింటే వాళ్ళమ్మ రామతులసి "పొగ పట్టింది" అనేది. పదమూడో ఏట అది దానంతట అదే పోయింది. పెళ్ళిచూపుల నాడు పెళ్ళికొడుకు ఓబుళపతి వాళ్ళమ్మ సుంకులమ్మ, "ఉబ్బసం గిబ్బసం ఏమన్నా ఉందామ్మా మీ ఇండ్లల్లో?" అని అడిగింది. రామతులసి ఒక్క క్షణం ఆగి, "మా వైపు ఎవరికీ లేదండీ" అంది. రాబోయే భర్త ముందు పినాకిని తల వంచుకొని కూర్చుంది. సిగ్గు అనుకున్నారు అందరూ. ఆ తరువాత తల్లి ఒట్టు వేయించుకుంది, ఆ తరువాత తల్లి పోయింది. ఒట్టు మిగిలింది. చిన్నప్పటి గొంతులున్న పాత ఫోను బట్టల పెట్టె అడుగున మిగిలింది.

చెప్పేయాలని నాలుక దాకా వచ్చింది. పన్నెండేళ్ళ కాపురంలో ఇప్పుడా చెప్పడం అనిపించింది. అయినా చెప్పవలసిన పనేముంది? జబ్బు తన నుంచే వచ్చిందని తనకు తెలుసు. మీట తన చేతిలోనే ఉంది. పిల్లకు సరైన మందు పడుతుంది, మాట బయటికి పోదు. ఆమె మీటను తల్లి ప్రతి మీద పెట్టింది.

"ఇది నేను పెట్టినట్టు ఎవరికీ చెప్పొద్దు," అంది జల్లెడతో.

"అలాగే," అంది జల్లెడ.

మంగళవారం పొద్దున గదిలోకి వచ్చేసరికి మీట తండ్రి ప్రతి మీద ఉంది.

పినాకిని మీట దగ్గరికి వంగి చూసింది. తాను నిన్న సరిగా పెట్టలేదేమో అనుకుంది. వేళ్ళకు చెమట పట్టి జారిందేమో అనుకుంది. మళ్ళీ తల్లి ప్రతి మీద పెట్టి, చెయ్యి తీసి, రెండు నిమిషాలు దాన్నే చూస్తూ నిలబడింది. అది కదలలేదు. వెనకాల స్పీకరులో ఎవరిదో పాత ఊపిరి ఆడుతోంది. ఆమె గబగబా దాన్ని ఆపేసి బయటికి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో సుంకులమ్మ మనవరాలికి జుట్టు దువ్వుతోంది.

"మా వైపు ఎవరికీ లేదమ్మా," అంది అడక్కుండానే. "మా మామ తొంభై ఏండ్లు బతికినాడు. బండలు మోసి మోసి బతికినాడు. ఒక్కనాడు కూడా ఆయాసం అన్యాడా? మీ మామ కూడా గుండె ఆగి పాయె గాని, ఊపిరికేం తక్కువ లేదు. యాడ నుంచి వచ్చిందో ఆ దేవునికే తెలియాల."

"మా వైపూ లేదత్తా," అంది పినాకిని. ఆ మాట అనే ముందు తన గొంతులో ఏదో ఒక్క క్షణం ఆగడం ఆమెకే తెలిసింది.

"సుభద్ర కూతురికీ వచ్చె. లాస్య కూడా మన చిత్ర మాదిరే ఈల ఏస్తాంటాది. వచ్చే వారం బుధవారం ఆ పిల్లకు కూడా కత్తెరమందు ఇస్తారంట. అల్లుని వైపు నుంచి వచ్చింటాదిలే."

సుభద్ర ఓబుళపతికి అక్క. పినాకిని చిత్ర పక్కన కూర్చొని, "ఆయాసంగా ఉందా తల్లీ?" అని అడిగింది.

పిల్ల ఒక్క క్షణం ఊపిరి బిగబట్టి, "నాకేం లేదు," అంది. తరువాత వదిలిన ఊపిరి సన్నగా ఈల వేసింది.

బుధవారం మీట తండ్రి ప్రతి మీద ఉంది.

ఈసారి పినాకిని కూర్చుండిపోయింది. చెడిపోయిన యంత్రమైతే ఒకసారి అటు పోతుంది, ఒకసారి ఇటు పోతుంది. ఇది అలా కాదు, ప్రతిసారీ ఒకే వైపుకు పోతోంది. పనిగట్టుకొని పోతోంది. ఆ గదిలో పగలంతా ఆడే ఊపిరుల్లో ఒకదానికి తాను చేసిన మోసం తెలిసిపోయిందా? తల్లి మాట్లాడిన తన పెళ్ళిచూపుల వీడియో కూడా ఈ జల్లెడలోనే ఉంది. తల్లి ఊపిరి కూడా ఈ గదిలోనే ఆడింది. చదువుకున్నదాన్ని, ఇదేమి పిచ్చి అని తనను తాను తిట్టుకుంది గాని, తలుపు వైపు వీపు పెట్టి కూర్చోవడానికి ధైర్యం చాలలేదు. మీట సరిచేసి గది తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది.

గురువారం ఓబుళపతి కొలిమి దగ్గర కూర్చున్నట్టు చెమటలు కారుతూ కనిపించాడు. అతను అదే కేంద్రంలో మందులగదికి పెద్ద. జల్లెడ చెప్పిన వైపుకు కత్తెరమందు కలిపేది అతనే.

"ఏమైంది నీకు?" అంది పినాకిని.

"ఏం లేదు. వేడి." చెమట తుడుచుకొని అడిగాడు. "ఏ వైపు అని చెప్పిందా జల్లెడ?"

"తేల్చలేనంది. నువ్వు కలిపే ముందు చూసుకో, మీట ఎక్కడుంటే అది."

"అట్లే," అన్నాడు. ఆమె ముఖం వైపు చూడలేదు. పిల్ల గురించిన బెంగ అనుకుంది పినాకిని.

శుక్రవారం పొద్దున చిత్రను పరుపు మీద పడుకోబెట్టి, ముక్కుకు గొట్టం తగిలించి, పినాకిని చివరిసారి చూసుకుందామని జల్లెడ గదికి వెళ్ళింది. కొంగున ముడి ఉంది. ముడిలో తాళంచెవి ఉంది. తాళం వేసే ఉంది. లోపల మీట తండ్రి ప్రతి మీద ఉంది.

ఆమె గోడ పట్టుకొని నిలబడి, నాలుగు రోజులుగా అడగడానికి భయపడ్డ ప్రశ్న అడిగింది.

"ఎవరు మారుస్తున్నారు దీన్ని?"

"మీరు మూడుసార్లు మార్చారు," అంది జల్లెడ ఎప్పటిలాగే నిదానంగా. "ఇంకొకరు మూడుసార్లు మార్చారు."

"ఎవరది?"

"చెప్పవద్దన్నారు. మీరూ అదే మాట అన్నారు. మీ మాట వాళ్ళకు చెప్పలేదు, వాళ్ళ మాట మీకు చెప్పను."

ఈ గదికి తాళంచెవులు రెండే. ఒకటి తన దగ్గర ఉంది, రెండోది మందులగదిలో ఉంటుంది.

ఆమె పరుగెత్తింది. మందులగదిలో ఓబుళపతి సీసా చేతిలో పట్టుకొని ఉన్నాడు. సీసా మీద తండ్రి ప్రతి అని రాసి ఉంది. దాన్ని ఆమె లాక్కునేసరికి అతను ముందు కోపంగా, తరువాత బిత్తరపోయి చూశాడు.

"ఇది వద్దు," అంది ఆయాసపడుతూ. "తప్పు. చంపేస్తావు పిల్లను. అది నా నుంచి వచ్చింది. నాకుండేది. పన్నెండేళ్ళ దాకా నాకుండేది. మా అమ్మ దాచింది, నేనూ దాచినాను."

ఓబుళపతి పక్కనున్న బల్ల మీద కూలబడ్డాడు.

"నీకుండేదా?" అన్నాడు. "మరి మా నాయనకో? మా నాయన గుండెపోటుతో పోలేదు పినాకి. ఉబ్బసంతోనే పోయినాడు. నేను పక్కనే ఉండాను. ఆఖరి రెండేండ్లు పడుకోను కూడా లేదు ఆయప్ప, కూర్చోనే నిద్రపోయేది. అమ్మ ఎవరికీ చెప్పొద్దనింది. ఆ రెండేండ్ల గొంతులు నేను జల్లెడకు ఇయ్యలేదు. మా వైపు నుంచే అని నాకు తెలుసు కదా, మీట తిప్పితే చాలు అనుకున్యా. సోమవారం చూస్తే తల్లి ప్రతి మీద ఉంది. నాకు పానం పోయినంత పనైంది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నాలుగు రోజులుగా ఒకరు పెట్టిన మీటను ఇంకొకరు తిప్పేస్తూ, ఎవరికి వాళ్ళు పిల్లను కాపాడుకుంటున్నామనుకుంటూ వచ్చారు. తాను ఇంకో పావుగంట ఆలస్యంగా వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తలుచుకొని పినాకిని ఆ సీసాను బీరువాలో పెట్టి తాళం వేసింది.

బట్టల పెట్టె అడుగున ఉన్న ఫోను వచ్చింది. ఓబుళపతి దాచిన గొంతులూ వచ్చాయి. జల్లెడ గంటసేపు విన్నది. ఆ గంటలో గదిలో ఒక తొమ్మిదేళ్ళ పిల్ల ఊపిరీ, ఒక ముసలాయన ఊపిరీ, ఒకటి విడిచి ఒకటి ఈల వేస్తూ వినిపించాయి. మొదటిది తనదే అని తెలిసినా పినాకినికి అది చిత్రదిలాగే అనిపించింది.

"తేలింది," అంది జల్లెడ. "రెండు ప్రతులూ చెడ్డవే. తల్లి తప్పు వేరు, తండ్రి తప్పు వేరు. ఏ ప్రతిని కత్తిరించినా రెండోది ఊపిరి మూసేసేది. కత్తెరమందు వద్దు, కుట్టుమందు ఇవ్వండి. రెండు తప్పులూ ఇప్పుడు తెలిశాయి కనుక కుట్టు పడుతుంది."

అంటే పినాకిని గెలిచినా పిల్ల దక్కేది కాదు, ఓబుళపతి గెలిచినా దక్కేది కాదు.

"ఇంకొకటి కూడా కనిపించింది," అంది జల్లెడ. "ఇది జన్యువుల్లో లేదు. 'మా వైపు ఎవరికీ లేదు' అనే ముందు మీ రెండు కుటుంబాల్లోనూ ఊపిరి ఒకే చోట, ఒకేలా ఆగుతోంది. నాలుగు తరాల గొంతుల్లో విన్నాను. చిత్ర 'నాకేం లేదు' అనే ముందు కూడా అలాగే ఆగుతోంది. ఇది ఎలా సంక్రమిస్తుందో నాకు తెలియదు."

కుట్టుమందు మూడు రోజులు పీల్పించారు. సోమవారం మధ్యాహ్నం చిత్ర మంచం దిగి వరండా అంతా పరుగెత్తి వచ్చి, జల్లెడ ముందు నిలబడి బడిలో నేర్చుకున్న ఎక్కాలు అప్పచెప్పింది. జల్లెడ మాటలన్నీ జల్లించి చూసి, "ఈల లేదు," అంది. ఓబుళపతి గోడ వైపు తిరిగి ఏడ్చాడు. పినాకిని పిల్ల వీపు మీద చెవి పెట్టి చాలాసేపు అలాగే ఉండిపోయింది. ఇన్నాళ్ళకు ఆమెకు ఆకలి వేసింది.

వరండాలో సుంకులమ్మ చూడవచ్చిన బంధువులకు చెబుతోంది. "మా వైపు ఎవరికీ లేదు గదమ్మా, అందుకే ఎట్లో గట్టెక్కింది."

ముగ్గురూ తలుపు దాకా వచ్చాక జల్లెడ వెనక నుంచి పిలిచింది.

"ఒక విషయం. తేల్చలేను అని నేను పక్కన పెట్టినవాళ్ళలో మీ రెండు వంశాల పిల్లలు పదకొండు మంది ఉన్నారు. మీరు ఇచ్చిన గొంతులు వాళ్ళకు వాడితే తేలిపోతుంది. ముందుగా లాస్య ఉంది. వైద్యుల నిర్ణయం ప్రకారం ఎల్లుండి బుధవారం ఆ పిల్లకు తండ్రి ప్రతిని కత్తిరిస్తారు. మీ నాన్నగారి ఊపిరి విన్నాక అది తప్పనిపిస్తోంది, చెడ్డది సుభద్ర ఇచ్చిన తల్లి ప్రతి కావచ్చు. అయితే ఎవరి గొంతో ఆ కుటుంబాలకు చెప్పవలసి ఉంటుంది. వాడమంటారా?"

ఓబుళపతి తలుపు సందులోంచి తల్లిని చూశాడు. నలుగురు బంధువుల మధ్య ఆమె నవ్వుతూ కూర్చొని ఉంది.

"అమ్మను ఒక మాట అడగాల," అన్నాడు మెల్లగా.

పినాకిని నోరు తెరిచింది. వాడమని చెప్పడానికే తెరిచింది. లాస్య పెదవులు నేరేడు రంగుకు తిరగడం ఆమెకు కనిపించింది. పెళ్ళిచూపుల నాటి తల్లి ముఖమూ కనిపించింది, పదకొండు ఇళ్ళలో పదకొండు మంది అత్తలు తన పేరు చెప్పుకోవడమూ వినిపించింది. ఎల్లుండి కదా, ఇంకా రెండు రోజులుంది కదా అనిపించింది.

"ఇంట్లో ఒక మాట అనుకొని చెబుతాం," అంది.

పద్నాలుగేళ్ళుగా ఈ గదిలో వందలమంది ఆమెతో అన్న మాట అదే. ఆ మాట విని ఆమె ఎన్నిసార్లు పళ్ళు కొరుక్కుందో లెక్క లేదు.

"బుధవారం పొద్దున ఎనిమిది లోపల చెప్పండి," అంది జల్లెడ.

చిత్ర తల్లి చెయ్యి పట్టుకొని ఊపింది. "అమ్మా, లాస్య గురించి ఏమడుగుతాంది అది?"

పినాకిని ఒక్క క్షణం ఆగింది.

"ఏం లేదమ్మా," అంది.

వెనక గదిలో జల్లెడ ఆ మాటను పక్కకు తోసి, దానికి ముందు ఆగిన ఊపిరిని మాత్రం ఉంచుకుంది.